కమ్మరి కొడుకు, ఇంజనీరు, ఒక గోల్ఫ్ ఐరన్

నిన్న పొద్దున్నే మా మైపాడు బీచ్‌లో పాత గోల్ఫ్ ఐరన్‌తో బంతి కొట్టా. హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు మా సీనియర్ ఇచ్చింది. ఫోర్జ్‌డ్ బ్లేడ్, అంటే మెత్తని స్టీలును కాల్చి సాగగొట్టి చేసిన పల్చటి ఐరన్. బంతి సరిగ్గా మధ్యలో తగల్లేదు, మోచేతి దాకా జివ్వుమంది!

బెన్ హోగన్ ఆడింది ఇలాంటి వాటితోనే. ఆయన టెక్సస్‌లో ఒక కమ్మరి కొడుకు. 1949లో కారు ప్రమాదంలో చావు తప్పించుకుని, 1950లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1953లో సొంత కంపెనీ పెట్టి, మొదట తయారైన సెట్లు నచ్చక పారేయించాడు.

తర్వాత కార్‌స్టన్ సోల్‌హైమ్ వచ్చాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు. బరువును అంచులకు జరిపి, పోత పోసిన ఐరన్లు తెచ్చాడు. బంతి పక్కకు తగిలినా ఐరన్ అంతగా మెలి తిరగదు. మామూలు ఆటగాళ్లు అటే వెళ్లారు, తప్పేం లేదు.

కానీ బ్లేడ్ తప్పు దాచదు. జాబ్ మానేసి నేను చేసిన మొదటి వీడియోని ఫ్రెండ్స్ అందరూ సూపర్ అన్నారు. "ఏందిరా ఇది, ఒక్క ముక్క అర్థం కాలా" అన్నది మా నాయన ఒక్కడే. అప్పుడు చేతులు కాదు, మనసు జివ్వుమంది. ఇవాళ్టి స్క్రిప్టు ముందు ఆయనకే చదివి వినిపించా.