సముద్రం లేని ఊళ్ళో రేవు కబుర్లు



సెలవులొచ్చాయంటే పిల్లలు కొంగు పట్టుకుని వదలరు కదా, ఎక్కడికైనా తీసుకెళ్ళమని. పులిహోర పొట్లం కట్టుకుని, మంచినీళ్ళు పట్టుకుని ఓ పొద్దు వరంగల్లు చూసి రండి. పొద్దున్నే హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి చూసుకుని, భద్రకాళమ్మకు దణ్ణం పెట్టుకుని, ఎండ ముదరకముందే కోటకు చేరండి.

కోటలో నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉంటాయి. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూ దేవుడి గుడి మాత్రం ముక్కలై నేలమీద పడివుంది. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయింది. ఆ రాళ్ళ మధ్య కాసేపు కూర్చోండి. నేను చెప్పబోయే కథ అక్కడ వినవలసిందే.

ఓరుగల్లుకు సముద్రం లేదు. కాని రేవుంది. అదే ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. వెనుకటి రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. అసలే మునిగినవాణ్ణి మళ్ళీ ముంచడమన్నమాట! గణపతిదేవ చక్రవర్తి 1244లో అభయశాసనం వేయించి ఆ దోపిడీ మాన్పించాడు. ముప్పైవంతు సుంకం చాలన్నాడు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు, వక్కలు... ఆ జాబితా మన పండగ సామాన్ల చీటీలాగే ఉంటుంది! అందులో పగడాలూ ఉన్నాయి. మన మంగళసూత్రాల్లో గుచ్చుకునే ఎర్ర పగడానికి పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మధ్యధరా సముద్రం.

ఆ సముద్రపు పాయ ఒడ్డునే వెనిస్ అనే రేవు పట్టణం ఉంది. ఆ ఊరివాడే మార్కోపోలో. మోటుపల్లి రాజ్యంలోని వజ్రాలనూ, సాలెగూడులాంటి సన్నని బట్టలనూ అతడు తన గ్రంథంలో మెచ్చుకున్నాడు. ఆ రాజ్యాన్ని న్యాయంగా, శాంతంగా ఏలిన రాణినీ మెచ్చుకున్నాడు. ఆమే మన రుద్రమదేవి.

అయితే ఒక్క పొరపాటు రాశాడు. ఆమె చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. కాదమ్మా! ఆమె గణపతిదేవుడి కూతురు. కొడుకులు లేని తండ్రి కూతురికే రాజ్యం అప్పగించాడు. ఆడది గద్దె ఎక్కిందంటే మొగుడి పేరు మీదే ఎక్కి ఉంటుందని దూరదేశం వాడు అనుకున్నాడు, సరే. మనవాళ్ళూ తక్కువ తినలేదు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజని మగపేరుతోనే పిలిచారు. 1289లో ఆమె మరణించిన సంగతి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్లనే మనకు తెలిసింది.

సాయంత్రం ఏకశిల గుట్ట దగ్గర చల్లగాలికి కూర్చున్నప్పుడు ఈ కథ పిల్లలకు చెప్పండి. ఆడపిల్లకు మాత్రం ఇంకొకసారి చెప్పండి, "రాజుగారి భార్య కాదే, కూతురు" అని.

సెలవు.