వంతెనల స్థితి మదింపు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

వంతెనల స్థితి మదింపు అంటే ఒక ప్రాంతంలోని వంతెనలను నిర్ణీత కాలాల్లో పరీక్షించి, వాటి భాగాలు ఏ మేరకు దెబ్బతిన్నదీ నమోదు చేసి, దేనికి ముందు మరమ్మతు చేయాలో, దేనిమీద బరువు తగ్గించాలో, దేనిని తొలగించి కొత్తది కట్టాలో నిర్ణయించే పద్ధతి. రోడ్ల లెక్కలో 6 మీటర్ల వరకు పొడవున్నది కల్వర్టు, 60 మీటర్ల వరకు చిన్న వంతెన, అంతకు మించినది పెద్ద వంతెన. వీటి బాధ్యత కేంద్ర రహదారుల శాఖ, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, నీటిపారుదల శాఖ, రైల్వేల మధ్య చీలి ఉన్నందున ఒకే నది మీద పక్కపక్కనే ఉన్న రెండు వంతెనల రికార్డులు వేర్వేరు కార్యాలయాల్లో ఉండటం మామూలే. జాతీయ రహదారుల వంతెనలన్నిటినీ ఒకే జాబితాకు తెచ్చే భారతీయ వంతెనల నిర్వహణ వ్యవస్థ 2016లో గాని మొదలు కాలేదు.

రైల్వేలో ఈ లెక్క అంతకంటే పాతది. పునాది, స్తంభాలు, నదీ రక్షణ కట్టడాలు, బేరింగులు, గడ్డర్లు, పట్టాలు వంటి భాగాలకు విడివిడిగా 1 నుంచి 5 వరకు అంకెలు వేస్తారు. 1 అంటే తక్షణం తిరిగి కట్టవలసినది లేదా పటిష్ఠం చేయవలసినది, 5 అంటే గట్టిగా ఉన్నది. వంతెన మొత్తానికి వేసే అంకె వీటి సగటు కాదు, వీటిలో కనిష్ఠం; గడ్డర్లకు 5 వచ్చినా పునాదికి 2 వస్తే ఆ వంతెన అంకె 2 మాత్రమే. నియమం సరైనదే గాని అందులో ఒక సందు ఉంది: పరీక్షించని భాగానికి సున్నా వేస్తారు, ఆ సున్నాను కనిష్ఠంగా పరిగణించరు, కనుక నీటిలో మునిగి ఉన్న పునాదిని చూడకుండా వదిలేసిన వంతెనకు కూడా మంచి అంకె దక్కవచ్చు.

పరీక్షలో చాలా భాగం నేటికీ చేతి పనే. ఉక్కు గడ్డరులో రివెట్టు వదులైందో లేదో తెలుసుకోవడానికి దాని తలకూ రేకుకూ కలిపి ఎడమచేతి వేలు ఆనించి, రెండో వైపు నుంచి చిన్న సుత్తితో కొడతారు. వదులుగా ఉంటే ఆ కదలిక వేలికి తెలుస్తుంది. రాతి కట్టడంలో పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించి తేదీ రాసి ఉంచుతారు. తర్వాతి తనిఖీ నాటికి అది విరిగి ఉంటే పగులు ఇంకా పెరుగుతోందని అర్థం. కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లినప్పుడు గులాబీ రంగు రాని మేరకు క్షారగుణం నశించి, లోపలి కడ్డీలకు తుప్పు నుంచి రక్షణ పోయినట్టే.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద మూడు కాలాల నిర్మాణ పద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన రాతి స్తంభాల మీద ఉక్కు గడ్డర్లతో 56 ఖానాలుగా కట్టినది. 1997లో దానిమీద రైళ్లు ఆపేశారు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనలో ఉక్కు చట్రంలో రైలు, దాని పైన రోడ్డు నడుస్తాయి గనుక పై రోడ్డు జాయింట్లను పట్టించుకోకపోతే కారే వాన నీరు కింది ఉక్కుకే చేరుతుంది. 2023లో రాకపోకలు ఆపి ఆ రోడ్డుకు మరమ్మతులు చేయవలసి వచ్చింది. 1997 నాటి ఆర్చి వంతెన ముందే బిగించిన ఉక్కు తీగలున్న కాంక్రీటుది; దానికి ఉక్కు గడ్డర్ల మాదిరి రంగుల బెడద ఉండదన్నది నిజమే గాని, లోపలి తీగల తుప్పు పైకి కనిపించదు.

నది మీది వంతెనకు అసలు శత్రువు బరువు కాదు, నీటి కోత. వరదలో స్తంభం చుట్టూ ప్రవాహం సుడి తిరిగి ఇసుకను తోడేస్తుంది. వరద తగ్గేటప్పుడు ఆ గుంత మళ్లీ పూడిపోతుంది కాబట్టి వేసవిలో చూసిన వారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకే బావి పునాదులను గరిష్ఠ కోత లోతుకు మూడో వంతు అదనంగా దించుతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వంటిది వచ్చిన తర్వాత నదీగర్భం మట్టాలు కొలవనిదే మదింపు పూర్తయినట్టు కాదు. స్తంభాల దగ్గర ఇసుక తవ్వకాలు ఈ కోతకు మనిషి చేసే సాయం.

చిన్న వంతెనల విషయంలో ప్రమాదం ఎగువ చెరువు నుంచి రావచ్చు. 2005 అక్టోబరు 29న అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర చెరువు తెగి వచ్చిన వరద చిన్న రైలు వంతెనను కోసుకుపోగా డెల్టా ప్యాసింజరు బోగీలు నీటిలో పడి వందమందికి పైగా మరణించారు. తెగితే పట్టాలకు ముప్పు తెచ్చే ఇటువంటి చెరువులకు రైల్వే ప్రత్యేక రిజిస్టరు ఉంచుతుంది. రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్నది నియమం. కట్ట బాగు చేయవలసింది రాష్ట్రం, కింది వంతెన రైల్వేది. వంతెనకు వేసే అంకెల్లో ఆ కట్టకు గడి లేదు.