తెర మీది అక్షరం, చెవిలోని మిషను

తెలుగు సినిమా చరిత్రలో చెవిటివాళ్లు అందరితో సమానంగా టికెట్టు కొని, అందరితో సమానంగా కథ అర్థం చేసుకుని బయటికొచ్చిన కాలం ఒకటుంది. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినప్పటి నుంచి 1932లో 'భక్త ప్రహ్లాద' నోరు విప్పేదాకా ఆ కాలం నడిచింది. మూకీలో నటుడు పెదవులు కదిపితే, ఆ వెంటనే మాట అక్షరాలై తెర నిండా పడేది. అప్పట్లో సాయం కావలసింది చెవులు బాగున్నవాడికే. చదువు రాని ప్రేక్షకుల కోసం మన దేశంలో చాలాచోట్ల తెర పక్కన ఒక మనిషి నిలబడి ఆ రాతను గట్టిగా చదివి వినిపించేవాడు. చదువుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో అదేం చిన్న అవసరం కాదు. టాకీ రాగానే ఆ మనిషికి పని పోయింది. ఆయనతోపాటే తెర మీది అక్షరమూ పోయింది. ఆయన పని పోవడం గురించి సినిమా చరిత్రల్లో చదువుతాం. అక్షరం పోవడాన్ని నష్టం కింద రాసినవాళ్లు తక్కువ, ఎందుకంటే దాన్ని నష్టపోయినవాళ్లను ప్రేక్షకుల లెక్కలో ఎవరూ వేసుకోలేదు.

అక్కడి నుంచి తొంభై ఏళ్లలో చెవిటివాళ్ల పేరు చెప్పి వచ్చిన సామగ్రి దాదాపు అంతా చెవిని బాగుచేసే దారే పట్టింది. నిజంగా వాళ్ల రోజువారీ బతుకును తేలిక చేసినవి మాత్రం ఎక్కువ భాగం ఇంకెవరి కోసమో, ఇంకెందుకో వచ్చినవి. చెవిటి మనిషిని మందూ మిషనూ ఇవ్వాల్సిన రోగిగా చూసినంత కాలం మనకు ఒక రకం వస్తువులు వచ్చాయి. డబ్బిచ్చి కొనుక్కునే వినియోగదారుడిగా చూసి ఉంటే వేరే రకం వచ్చి ఉండేవి. నా వాదన ఇదే. దీన్ని పరీక్షకు పెట్టడానికి కడప జిల్లాలోని ఎర్రగుంట్ల తగిన ఊరు.

ఎందుకంటే ఇది మోతల ఊరు. 1860లలో మద్రాసు రైల్వే వాళ్లు కడప జిల్లా మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఎర్రగుంట్ల ఆ దారిలోనిదే. రైలు వచ్చాక ఇక్కడి నాపరాయి దూరాలు వెళ్లగలిగింది. పొరలు పొరలుగా పడుకుని ఉండే ఈ రాయి గచ్చుకూ, అరుగుకూ, వంటింటి గట్టుకూ, పొలం గట్టున నిలువుగా పాతే కడ్డీకీ పనికొస్తుంది. దేశమంతా దీన్ని కడప బండ అనే పిలుస్తుంది. ఉలీ సుత్తీ ఉన్నంత కాలం ఆ మోత ఒక మనిషి చేతి మోత. కంప్రెసరు పెట్టి నడిపే డ్రిల్లు, కోత మిషను, పాలిషు మిషను వచ్చాక అది రోజంతా ఆగని మోతయింది. అదే సున్నపురాయిని వెతుక్కుంటూ 1980ల నాటికి సిమెంటు ఫ్యాక్టరీలొచ్చాయి. 1994లో దగ్గర్లోని రాయలసీమ థర్మల్ కేంద్రంలో కరెంటు తయారీ మొదలైంది. రాయినీ క్లింకరునీ ఇనప గుండ్లతో పొడి చేసే బాల్ మిల్లు పక్కన నిలబడితే ఎదుటి మనిషి అరిచినా వినపడదు, సైగలే దిక్కు. ఆ మిల్లు దగ్గర పనిచేసేవాళ్లకు చెవులు బాగుండగానే సైగలు వచ్చేస్తాయి. చెవిటితనం గురించి ఏమీ తెలియకుండానే ఆ నైపుణ్యం సంపాదించడం విచిత్రమే.

ఈ మోత తెచ్చే చెవుడుకు ఒక ప్రత్యేకమైన తీరుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. మోతకు ముందుగా దెబ్బతినేవి కీచు శబ్దాలను పట్టేవి, అంటే సుమారు 4,000 హెర్ట్‌జ్ దగ్గరివి. అవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు. మాటలో అచ్చులు బొంగురు శబ్దాలు గనుక అవి నిలుస్తాయి. స, శ, త, క, ప లాంటి హల్లులు మాత్రం జారిపోతాయి. కత్తికీ పత్తికీ తేడా తెలియదు. కోటా తోటా ఒకటే అవుతాయి. అందుకే ఇలాంటి మనిషి 'వినపడతాంది గానీ అర్థం కావడం లేదు' అంటాడు. ఇంట్లోవాళ్లు 'తనకు కావాల్సినప్పుడు బాగానే వినపడతాది' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటి చెవికి మిషను పెడితే శబ్దం పెరుగుతుంది. డిజిటల్ మిషను ఏ శబ్దం తగ్గిందో చూసి దాన్నే పెంచుతుంది, అది మంచి విద్యే. కానీ పోయిన కణాల స్పష్టతను అది తెచ్చివ్వలేదు. ఫ్యాను, టీవీ, నలుగురి మాటలు కలిసిన చోట అన్నిటినీ కలిపి పెంచుతుంది. జారిపోయిన ఆ హల్లునే కంటికి చూపించే సాధనం రాత ఒక్కటే.

అయినా ప్రభుత్వం చేతికి మొదటినుంచీ దొరికిన సాధనం మిషనే. కాన్పూరులో వికలాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో 1972లో ఏర్పడింది. 1981లో వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం వచ్చింది. చొక్కా జేబులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి చెవికి ఒక తీగ: శిబిరాల్లో పంచిన ఆ మిషను మన పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. మైకు జేబులో ఉంటుంది గనుక గుడ్డ రాపిడి కూడా మాటతోపాటు వినపడుతుంది. తర్వాత చెవి వెనక పెట్టుకునే మిషన్లొచ్చాయి. వాటి చిన్న గుండీ బ్యాటరీ ఒకటి రెండు వారాలకు అయిపోతుంది. మిషను ఉచితమే, బ్యాటరీ కాదు. పైగా దానికి చెమ్మా దుమ్మూ పడవు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రగుంట్ల ఎండకు కారే చెమటా, పాలిషు యూనిట్ల రాతిపొడీ తెలిసినవాళ్లకు ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద మిషను అవసరమైనవాళ్లలో దాన్ని వాడుతున్నది 17 శాతమే.

మిషను ఇస్తే చెవుడు తీరిపోయినట్లే అనుకున్న ధోరణి జనాభా లెక్కల్లోనే కనిపిస్తుంది. 2001 లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో సుమారు 12.6 లక్షలు. 2011లో 50.7 లక్షలు. పదేళ్లలో దేశం నాలుగింతలు చెవిటిదైపోలేదు. 2001లో మిషను పెట్టుకుని వినగలిగేవాళ్లను లోపం ఉన్నవాళ్ల కింద రాయొద్దన్నారు. 2011లో మిషను ఉన్నవాళ్లనూ, మామూలు మాట వినడానికి ఇబ్బంది పడేవాళ్లనూ చేర్చారు. రైల్వే రాయితీ సంగతి ఇంకో తమాషా. వినికిడి, మాట రెండూ పూర్తిగా లేనివాళ్లకే అది దక్కుతుంది. నలభై ఏళ్ల వయసులో మిల్లు మోతకు చెవులు పోగొట్టుకుని, మాట చక్కగా ఉన్న మనిషి ఎర్రగుంట్ల స్టేషనులో పూర్తి టికెట్టు కొనాలి. అతనికి కావలసింది సగం ధర టికెట్టు కూడా కాదు. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పిన సంగతి బోర్డు మీద పడితే చాలు. కార్మిక చట్టం తీరూ ఇలాగే ఉండేది. మోత వల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టం జబ్బుల జాబితాలో ఉండేది. కానీ కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టం దృష్టిలో అది ఫ్యాక్టరీ. ఐదారుగురితో నడిచే పాలిషు షెడ్డు అందులోకి రాలేదు.

బయటి దేశాల్లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. క్యూబాలో పుట్టిన ఎమర్సన్ రొమెరో మూకీల్లో నటించిన చెవిటి నటుడు. టాకీలతో పని పోయినవాళ్లలో ఆయనా ఒకడు. 1947లో పాత టాకీ సినిమాల రీళ్ల మధ్య అక్షరాల చట్రాలు అతికించి తోటి చెవిటివాళ్లకు చూపించాడు, అంటే తీసేసిన మూకీ అక్షరాన్ని మళ్లీ పెట్టాడు. 1980లో అమెరికాలో టీవీకి క్యాప్షన్లు మొదలైనప్పుడు వాటిని చూడాలంటే ఒక ప్రత్యేకమైన పెట్టె కొనాలి. కొన్నవాళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ. 1990లో చట్టం చేసి, 1993 నుంచి పదమూడు అంగుళాలూ అంతకు మించిన ప్రతి టీవీలోనూ ఆ చిప్పు ఉండాలన్నారు. అంతే, మోతగా ఉండే హోటళ్లూ, ఇంగ్లీషు నేర్చుకునే వలసవాళ్లూ అందరూ క్యాప్షన్లు వాడటం మొదలుపెట్టారు. చెవిటివాడి పెట్టెగా ఉన్నంత కాలం పాకిన వస్తువు, అందరి టీవీలోకి వచ్చాక పరుగెత్తింది.

మన దూరదర్శన్ 1980ల చివర్లో ఆదివారం మధ్యాహ్నం బధిరుల వార్తలు మొదలుపెట్టింది. వారానికి ఒక్కసారి, కొన్ని నిమిషాలు. అయినా గౌరవంగా చూడాల్సిన ప్రయత్నమే, సైగల భాషను ఇంటింటి తెర మీదికి తెచ్చింది అదే. ఆ వెనకే వేరే భాషల అవార్డు సినిమా వచ్చేది, కింద ఇంగ్లీషు అక్షరాలతో. తెలుగు సినిమా వంతు వచ్చినా అక్షరం ఇంగ్లీషే, కాబట్టి ఇంగ్లీషు రాని తెలుగు చెవిటి మనిషికి ఆ వంతు వచ్చినా రాకున్నా ఒకటే. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో ఉన్న బ్రిజ్ కొఠారి పాట ఏ భాషలో ఉంటే అదే భాషలో మాటలు తెర మీద వేయాలని ప్రతిపాదించారు. గుజరాతీ పాటల కార్యక్రమంతో మొదలై, 2002లో హిందీ సినిమా పాటల కార్యక్రమం చిత్రహార్‌కు ఎక్కింది. ఆయన లక్ష్యం చెవిటివాళ్లు కాదు, అక్షరాలు మరచిపోతున్న కోట్ల మంది. మళ్లీ అదే కథ: మేలు పక్కదారిన వచ్చింది. తెలుగు న్యూస్ ఛానెళ్ల స్క్రోలింగూ అంతే. రంగుల పట్టీలతో తెరంతా నింపేస్తారని విసుక్కుంటాం గానీ, చెవిటి ప్రేక్షకుడికి ముఖ్యవార్త తెలిసేది ఆ పట్టీలోనే. చర్చ మొదలైతే మాత్రం అతను నాలుగు కిటికీల్లో కదిలే నాలుగు నోళ్లను చూస్తూ కూర్చోవాలి.

తెర మీద అక్షరం వేస్తే ప్రేక్షకుడి చూపు చెదురుతుందని సినిమావాళ్లు చాలాకాలం అన్నారు. 2012 నుంచి హీరో సిగరెట్టు వెలిగించిన ప్రతిసారీ తెర అడుగున హెచ్చరిక పడుతోంది. ఆ అక్షరాలకు చూపు చెదిరి హాలు వదిలి వెళ్లిపోయినవాళ్లెవరూ లేరు. ప్రభుత్వం గట్టిగా అడిగితే తెలుగు సినిమా తెర మీద అక్షరం ఎక్కించడం సాధ్యమేనని ఆ సిగరెట్టు రుజువు చేసింది. యూట్యూబులో ప్రతి పాటకూ లిరికల్ వీడియో విడుదల చేసే పరిశ్రమ ఇది. అయితే అందులో తెలుగు పాట చాలాసార్లు ఇంగ్లీషు లిపిలో ఎగురుతుంటుంది. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి మిల్లులో చేరినవాడికి ఆ లిపి కూడబలుక్కునే పనే. ఓటీటీలో తెలుగు సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిలు ఖాయంగా ఉంటుంది, తెలుగు సబ్‌టైటిలు అరుదు. మన సినిమా బయటివాళ్లకు అర్థం కావాలన్న శ్రద్ధ మెచ్చుకోవాల్సిందే. ఇంట్లోవాడి సంగతి ఎవరు చూడాలి?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పుట్టుకతో చెవుడున్న పిల్లల్లో చాలామందికి చదువే సరిగా అందలేదు, వాళ్లకు తెర మీది అక్షరం ఏం ఉపయోగం? ఇది నిజం, దీని వెనక చరిత్రా ఉంది. 1895లో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ చెవిటి పిల్లలకు బడి పెట్టింది తిరునెల్వేలి పక్కన పాళయంకోటలో. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కడప జిల్లా పిల్లవాడికి ఆ బడి పరదేశంతో సమానం. అలాంటివాళ్లకు ముందు కావలసింది సైగల భాషా, ఆ భాషలో బడీ. ఆ పని అక్షరం చేయలేదని ఒప్పుకోవాలి. అయితే వాళ్లను కూడా ఇటీవల ఆదుకున్నది చెవిటివాళ్ల కోసమని వచ్చిన వస్తువు కాదు. 2016లో జియో చవగ్గా ఇచ్చిన డేటా, అదే ఏడు వాట్సాప్‌లో మొదలైన వీడియో కాల్. టెలిఫోను పుట్టినప్పటి నుంచి చెవిటివాళ్లను బయటే నిలబెట్టింది. దాన్ని కనిపెట్టిన బెల్ భార్యా తల్లీ ఇద్దరూ చెవిటివాళ్లు కావడం చరిత్ర చేసిన వెటకారం. నూట నలభై ఏళ్ల తర్వాత ఆ ఫోనులోనే చేతులతో మాట్లాడుకునే వీలొచ్చింది.

మిషన్లను తక్కువ చేస్తున్నానని కొందరు అనవచ్చు. పసితనంలోనే చెవుడు గుర్తించి మిషనో కాక్లియర్ ఇంప్లాంటో పెట్టి, ఏళ్ల తరబడి మాట నేర్పితే ఫలితం గొప్పగా ఉంటుంది. లక్షలు ఖర్చయ్యే ఆ ఆపరేషనును ఆరోగ్యశ్రీలో చేర్చడం ఈ రాష్ట్రం చేసిన మంచి పనుల్లో ఒకటి. నా తగువు మిషనుతో కాదు, మిషను ఇచ్చేశాం గనుక ఇక పని అయిపోయిందనే లెక్కతో. ఆపరేషను అయిన పిల్లకు కూడా క్లాసులో ఫ్యాను తిరుగుతుంటే టీచరు బోర్డు మీద రాసేదే ఆధారం. ఇప్పుడు ఫోనే మాటను అక్షరం చేస్తోంది కదా అనేది ఇంకో అభ్యంతరం. గూగుల్ 2017లో తెలుగు మాటను అక్షరాలుగా మార్చడం మొదలుపెట్టింది, ఎదుటివాళ్ల మాటను అప్పటికప్పుడు రాసి చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ 2019లో వచ్చింది. నిజంగా పెద్ద మేలు. కానీ 'యాడికి పోతాండావు', 'ఏం సేత్తాండావు' అని ఎర్రగుంట్ల సంతలో మామూలు వేగంతో అడిగిన మాటను ఆ యాప్ ఏమని రాస్తుందో ఎవరైనా ఫోను తీసి చూసుకోవచ్చు. పైగా యంత్రం తప్పు రాస్తే దాన్ని పట్టుకోవాల్సింది విననివాడే. సినిమా డైలాగు ముందే కాగితం మీద ఉంది. దాన్ని ఊహించి రాయడానికి యంత్రం దేనికి?

2016 వికలాంగుల హక్కుల చట్టం దృశ్య, శ్రవణ మాధ్యమాలన్నీ అందరికీ అందాలంది. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు 'పఠాన్' సినిమా ఓటీటీకి వచ్చేలోగా క్యాప్షన్లు సిద్ధం చేయమని నిర్మాతను ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్రం థియేటర్లకు మార్గదర్శకాలిచ్చింది. అందులో సూచించిన సాధనాలు చూస్తే పాత అలవాటు ఇంకా వదల్లేదనిపిస్తుంది: క్యాప్షన్లు కనిపించే కళ్లజోళ్లు, సీటు ముందు పెట్టే స్టాండ్లు, అద్దంలో ప్రతిబింబించే అక్షరాలు. వీటితోపాటు తెర మీదే అక్షరం వేసే దారి కూడా ఉంది. కళ్లజోడు ఎవరు కొనిపెడతారు, ఎవరు ఛార్జింగు పెడతారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అన్న ప్రశ్నలు హైదరాబాదు మల్టీప్లెక్సులో తేలవచ్చు. ఎర్రగుంట్ల జనంలో చాలామంది సినిమాకు వెళ్లేది పక్కనున్న ప్రొద్దుటూరుకు. అక్కడి థియేటరుకు చవకైన పద్ధతి, వారంలో ఒక రోజు, జనం పలచగా ఉండే మార్నింగ్ షోకు, తెలుగు అక్షరాలున్న ప్రింటు వేయడం. డిజిటల్ ప్రొజెక్టరులో అది ఇంకో ఫైలు ఎంచుకోవడమే. ఆ షో ఏ రోజో గోడ మీది పోస్టరులో ఒక మూల వేస్తే చాలు, మిల్లు షిఫ్టు చూసుకుని వచ్చేవాళ్లు వస్తారు, పూర్తి టికెట్టు కొనుక్కుని.