నీలివన్నె తుపాకి యేల వన్నె మారును?

పాత తుపాకులు చూచినవారు వాని యుక్కుపై నల్లదనము గలసిన నీలివన్నెను గమనించియే యుందురు. అది పూసిన రంగు కాదు. అదియు నొకవిధమైన త్రుప్పే. ముల్లును ముల్లుతో దీసినట్లు ఆయుధకారులు త్రుప్పును త్రుప్పుతోనే వారించిరి. ఆ వన్నె కాలక్రమమున మారుట యెట్లో యొక్క యుదాహరణముతో జెప్పెదను.

జర్మను సైన్యము 1908లో లూగరు పిస్తోలును స్వీకరించినది. నాడు దానికి నీలివన్నె పెట్టుట మిక్కిలి యోపికతో గూడిన పని. మెఱుగుపెట్టిన యుక్కును జిడ్డు లేకుండ దుడిచి, ఆమ్లద్రావకము పూసి, తేమగల గదిలో నుంచెడివారు. సన్నని యెఱ్ఱ త్రుప్పు పుట్టెడిది. దానిని మఱుగునీట నుడికింపగా నెఱ్ఱనిది నల్లనిదగును. తీగకుంచెతో తోమి మరల మొదలు. ఇట్లు పలుమారులు. తుదకు నిలిచిన పొరలో మూడినుప పరమాణువులకు నాలుగు ప్రాణవాయు పరమాణువు లుండును.

చిన్న భాగముల సంగతి వేఱు. వ్రేలితో లాగు మీట మొదలగువానిని దాదాపు 230 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు గాచి యెండుగడ్డి వన్నె తెప్పించిరి. ఉక్కును 300 డిగ్రీల వఱకు గాచినచో నిండు నీలమగును. ఈ వన్నె నిజముగా పొరలో లేదు. తడినేలపై నూనెచుక్క రంగులు చూపునట్లు పలుచని పొరపై వెలుతురు చేయు మాయ యిది. బడిపిల్లలకు నే నీ యుపమానమే చెప్పుచుంటిని. పాఠముకంటె నూనెచుక్కయే వారికి జ్ఞాపకముండెడిది. ఇంత పలుచని పొర గనుక వ్రేలి రాపిడికే చెడును.

నల్లని పొర యంతకంటె దిట్టమైనను శాశ్వతము కాదు. చేతిచెమటలోని యుప్పు, తోలుఒరలోని తేమయు నామ్లమును దాని శత్రువులు. మఱికొంత ప్రాణవాయువు చేరి, రెండినుప పరమాణువులకు మూడు చొప్పున నైనంతట పొర గోధుమవన్నెకు దిరుగును. ఒరలో రాచుకొను నంచులు మొదట తెల్లబడి, పిదప త్రుప్పుపట్టును.

లూగరు నిర్మాణము 1930లో మౌజరు కర్మాగారమునకు మారినది. వారు 1937లో పాత యోపిక విడిచి, కాస్టికు సోడాయు నైట్రేటును గలిపిన ద్రావణమును మరగించి, అందు చిన్న భాగములను సైతము ముంచిరి. ఈ ద్రావణము 140 డిగ్రీల ప్రాంతమున మరగును. త్వరితమైన పనియే. అయితే సిలికాను పాలెక్కువైన యుక్కునందును, వేడిమి సరిగా లేనిచోటను, ఇట్టి నీలము నేరేడుపండు వన్నెకు దిగును. దానిని జూచి ప్రాచీనతకు గురుతని మురియువారు కలరు. నాకట్లు తోపదు, అది లోహగుణమో పనిలోపమో యై యుండును.

ఈ వివరము లేల యందురా? మాసిన తుపాకికి మరల నీలివన్నె పెట్టించి క్రొత్తదానివలె నమ్మువారు కలరు. 1917 అను ముద్రగల లూగరునకు మీట నీలివన్నెతో నున్న, ఎండుగడ్డి వన్నె యేమైనదని యడుగవలెను. తోమునపుడు పదునైన యంచులు గుండ్రబడును. పరీక్షాముద్రలు సగ మరుగును. తాళపత్రమును బరిష్కరించు పండితుడు లేఖకుని పాఠమును గీకివేయునా? వస్తుశాలలలో నిట్టి యాయుధములను ఒట్టిచేత ముట్టరు. చేతితొడుగులు వేసికొని, పలుచగా మైనము రాచి, మాసిన వన్నెను మాసినట్లే యుంచెదరు.