క్రిస్టల్ ముక్క నుంచి కంప్యూటర్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నా దగ్గర ఏముంది రాయడానికి అనుకున్నాను. 1963 నుంచి 1998 దాకా, ముప్పై అయిదేళ్ళు వైర్‌లెస్ సెట్ల మధ్య గడిపినవాణ్ణి. నాకు బాగా తెలిసిన చరిత్ర ఒక్కటే. రేడియోకు "ఫలానా చోట విను" అని మనిషి చెప్పే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందన్నది. అందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, అంటే 1999 వేసవిలో, మా అబ్బాయి దగ్గరకు అమెరికాలోని ఇండియానాపొలిస్ వెళ్ళాం. పక్కింటాయన అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం పూట పలకరించుకునేవాళ్ళం. నాది వైర్‌లెస్ ఉద్యోగమని మా అబ్బాయి చెప్పగానే ఆయన సంబరంగా లోపలికి తీసుకెళ్ళాడు. బల్ల మీద చిన్న పెట్టె, దాని ముఖాన గబగబా మారిపోయే అంకెలు, వెనుకనుంచి కంప్యూటర్‌కు ఒక తీగ. దాన్ని స్కానర్ అంటారు. ఒక ఛానల్ తరువాత మరొకటి వెతుక్కుంటూ పోయి, ఎక్కడ మాట వినబడితే అక్కడ ఆగుతుంది. ఫైరింజన్లు, పోలీసులు, వాతావరణ హెచ్చరికలు, విమానాలు అన్నీ అందులో వినవచ్చు. తిరిగి మాట్లాడటానికి మాత్రం వీలులేదు.

నేను నిర్ఘాంతపోయాను. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చదువుకుని ఉద్యోగంలో చేరినవాణ్ణి. లైసెన్సు లేనిదే సెట్టు దగ్గర ఉంచుకోవడమే మన దగ్గర నేరం. అక్కడ అదే వస్తువు అంగట్లో దొరుకుతోంది!

నేను దిగిన ఊరే ఈ వస్తువుకు పుట్టిల్లని తరువాత తెలిసింది. 1954లో అంగట్లోకి వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ రేడియో టీఆర్-1ను తయారుచేసిన రీజెన్సీ కంపెనీ ఇండియానాపొలిస్‌దే. తరువాత అది స్కానర్లూ చేసింది. పక్కనే ఉన్న కంబర్లాండ్‌లో ఎలక్ట్రా అనే కంపెనీ బేర్‌క్యాట్ పేరుతో స్కానర్లు చేసేది. 1980లలో ఈ రెండు కంపెనీల స్కానర్ వ్యాపారమూ జపాన్‌కు చెందిన యూనిడెన్ చేతికి వెళ్ళింది.

తొలి స్కానర్లు మన పాత సెట్ల లాంటివే. ప్రతి ఛానల్‌కూ ఒక క్వార్ట్జ్ క్రిస్టల్ ఉండాలి. ఎనిమిది ఛానళ్ళు కావాలంటే ఎనిమిది క్రిస్టళ్ళు. పైగా వినదలచిన ఫ్రీక్వెన్సీనే క్రిస్టల్ మీద కోయించడం కుదరదు. చాలా సెట్లలో ఆ ఫ్రీక్వెన్సీలోంచి 10.7 తీసివేసి, మిగిలినదాన్ని మూడుతో భాగించాలి. 155.01 మెగాహెర్ట్జ్ వినాలంటే 48.103 క్రిస్టల్ చేయించుకోవాలన్నమాట. లెక్క తప్పితే డబ్బు పోయినట్టే. మా ఆఫీసులో ఒక్క క్రిస్టల్ కోసం వారాల తరబడి ఎదురుచూసిన రోజులు నాకు గుర్తే. చేతికందాక దాన్ని బంగారపు నలుసులా చూసుకునేవాళ్ళం.

1970ల నడిమికి సింథసైజర్ వచ్చింది. ఒకే క్రిస్టల్ ఆధారంగా ఎన్ని ఫ్రీక్వెన్సీలైనా పుట్టించే సర్క్యూట్ అది. బేర్‌క్యాట్ 101లో ముందువైపు స్విచ్చుల వరుస ఉండేది. సంకేతాల పుస్తకం చూసి ఏ స్విచ్చు పైకో, ఏది కిందికో పెట్టాలి. కొద్ది ఏళ్ళకే అంకెల మీటలున్న సెట్లు వచ్చాయి. కావలసిన అంకెలు నొక్కితే చాలు.

అయితే సౌకర్యం పెరిగేకొద్దీ పని కూడా పెరిగింది. పది ఛానళ్ళు కాస్తా రెండు వందలు, నాలుగు వందలు అయ్యాయి. ఒక ఫ్రీక్వెన్సీకి చుక్కతో కలిపి ఎనిమిది మీటలు నొక్కాలనుకుంటే, మూడు వందల ఛానళ్ళకు 2,400 సార్లు నొక్కాలి. కొన్ని సెట్లలో జ్ఞాపకాన్ని నిలిపే బ్యాటరీ అయిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇక ట్రంకింగ్ పద్ధతి వచ్చింది. కొన్ని ఛానళ్ళను ఒక గుంపుగా పెట్టి, ఎవరికి అవసరమైతే వారికి కంప్యూటరే అప్పటికప్పుడు పంచిపెట్టే ఏర్పాటు అది. 1997లో దాన్ని వెంబడించే స్కానర్లు అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఫ్రీక్వెన్సీలతో పాటు ఏ బృందానికి ఏ నంబరో కూడా ఎక్కించాలి. అదంతా వేళ్ళతో అయ్యే పని కాదు.

అప్పుడు అక్కరకొచ్చింది పర్సనల్ కంప్యూటర్. ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. దాని వెనుక ఉండే సీరియల్ పోర్టుకు తీగ తగిలించి, తెర మీద పట్టిక తయారుచేసి, ఒక్క ఆజ్ఞతో సెట్టులోకి పంపడం అలవాటైంది. 1997లో ఐకామ్ కంపెనీ పీసీఆర్-1000 అనే పెట్టె తెచ్చింది. దానికి మీటలూ లేవు, అంకెల తెరా లేదు. అన్నీ కంప్యూటర్‌లోనే.

దీనివల్ల చిక్కులూ వచ్చాయి. సెల్‌ఫోన్ సంభాషణలు వినడాన్ని అమెరికా 1986లో చట్టం చేసి నిషేధించింది. 1994 నుంచి ఆ భాగం వినిపించే స్కానర్ల తయారీనీ దిగుమతినీ ఆపింది. అయినా 1996 డిసెంబరులో ప్రతినిధుల సభ స్పీకర్ గింగ్రిచ్ పాల్గొన్న ఫోన్ సంభాషణను ఫ్లోరిడాలో ఒక జంట స్కానర్‌తో విని రికార్డు చేసింది. అది పత్రికలకెక్కి పెద్ద దుమారమైంది. ఆ ఇద్దరికీ జరిమానా పడింది.

పక్కింటాయన దగ్గర నేను గమనించినది మరొకటుంది. కంప్యూటర్ నుంచి పట్టిక ఎక్కించాక ఆయన అంతటితో వదిలేసేవాడు కాదు. కాగితం మీద అచ్చు తీసుకుని ఒక్కొక్క ఛానలూ విని, పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. ఎందుకంత శ్రమ అని అడిగాను. ఒప్పును ఎంత వేగంగా పంపుతుందో తప్పునూ అంతే వేగంగా పంపుతుంది కదా అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

1996 నవంబరు 6. కోనసీమ తుపాను రోజు. కొత్తగా వచ్చిన పన్నెండు వాకీటాకీలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ ఉదయం నేనే కంప్యూటర్ ముందు కూర్చుని గంటలో అన్నింటినీ సిద్ధం చేశాను. ఒకదానితో మరొకటి మాట్లాడించి చూశాం. బ్రహ్మాండంగా పలికాయి. మా పాత మెకానిక్ ఒకాయన, "బాబుగారూ, కంట్రోల్ రూమును కూడా ఒకసారి పిలిచి చూద్దామండీ" అన్నాడు. టైము లేదని కసిరాను.

ఫ్రీక్వెన్సీలో చుక్క తరువాత ఒక అంకె తప్పు కొట్టాను. ఆ తప్పే పన్నెండింటిలోకీ వెళ్ళింది. అన్నింటిలోనూ అదే తప్పు కాబట్టి వాటిలో అవి చక్కగా మాట్లాడుకున్నాయి. కంట్రోలుకు మాత్రం ఒక్కటీ వినబడలేదు. సాయంత్రం ఒక లంక గ్రామంలో చిక్కుకున్న బాలింత కోసం పడవ కావాలని మా వాళ్ళు ఎంత పిలిచినా జవాబు లేదు. చివరికి ఒక కానిస్టేబులు ఆ గాలిలో నడిచి, జీపులో ఉన్న పాత క్రిస్టల్ సెట్టు నుంచి కబురందించాడు. రెండు గంటలు ఆలస్యమైంది. తల్లీబిడ్డా దక్కారు. అది నా గొప్ప కాదు, ఆ కానిస్టేబులు గొప్ప. ఆ మెకానిక్‌కు తరువాత క్షమాపణ చెప్పాను. "చేతితో ఎక్కించి ఉంటే ఒక్క సెట్టే చెడేదండీ" అన్నాడు.

2012 నుంచి టీవీ కోసం చేసిన చవక పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలించి స్కానర్‌లా వాడుకుంటున్నారు. దానికి కావలసిన ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలో ఇప్పుడు చాలా చోట్ల పోలీసులు తమ మాటలను రహస్య సంకేతాల్లోకి మార్చేశారు. అక్కడ స్కానర్ ఉన్నా వినబడేది లేదు. మన దేశంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ఇలాంటివి కొనాలని సరదాపడే మనవలు ముందు అనుమతుల సంగతి కనుక్కోవాలి.

మనలో చాలామందికి స్కానర్‌తో పనిలేదు. కానీ పింఛను కాగితంలో ఖాతా నంబరు, పిల్లల ఫోన్ నంబరు ఇప్పుడు కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కితే నాలుగు చోట్లకు అదే వెళుతుంది. కాబట్టి ఎక్కించేటప్పుడు ఒకరు చదవండి, మరొకరు సరిచూడండి. ఫోన్ నంబరైతే వాళ్ళు ఎదుట ఉండగానే ఒకసారి మోగించి చూడండి. పక్కవాడు "ఒకసారి పిలిచి చూద్దామండీ" అంటే నాలాగా కసరకండి.