దాదా కాలం నాటి షికారు రైఫిల్: ఎక్కడిది, ఇప్పుడేం చేయాలి

దాదా వాడిన షికారు రైఫిల్ ఇంట్లో మిగిలి ఉంటే ముందు దాని నాళం మీద చెక్కిన అక్షరాలు చూడాలి. బీఎస్ఏ, రిగ్బీ, వెస్ట్‌లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్ లాంటి పేరుంటే అది బర్మింగ్‌హామ్ లేదా లండన్ సరుకు.

వీటిని బోల్ట్ యాక్షన్ అంటారు. తలుపు గడియ లాంటి పిడి ఉంటుంది. ఎత్తి వెనక్కి లాగితే కాల్చిన కార్తూస్ డొల్ల బయట పడుతుంది, ముందుకు తోసి వంచితే కొత్తది నాళంలోకి పోయి బిగుసుకుంటుంది. తమాషా ఏమిటంటే, పేరు ఇంగ్లిష్‌దే అయినా చాలావాటి లోపలి యంత్రం జర్మనీ మౌజర్‌ది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రిగ్బీ .275 కూడా అలాంటిదే. పెద్ద జంతువుల కోసం 1911లో .416 రిగ్బీ, 1912లో .375 హాలండ్ వచ్చాయి.

బీఎస్ఏది వేరే దారి. అది సైన్యం వాడే లీ యంత్రం మీదే షికారు రైఫిళ్లు చేసింది. సైన్యం తూటా అయిన త్రీనాట్‌త్రీ జనం చేతికి పోవద్దని బ్రిటిష్ సర్కార్ ఆంక్ష పెట్టడంతో హిందుస్తాన్ కోసం 8 మి.మీ. రకం తెచ్చారు. దాన్నే మనవాళ్లు .315 అంటారు. స్వాతంత్ర్యం తర్వాత మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ చేసిన .315 రైఫిల్ కూడా ఆ వంశమే.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరు మోసినవాడు. పోచారం అడవి నిజాంల షికార్‌గా. 1931లో నిజాంసాగర్ పూర్తయి, ఆ దశాబ్దం చివర బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక చెరుకు పెరిగింది. చెరుకు తోట అంటే అడవి పందికి దాక్కునే చోటు, తినే తిండి రెండూ. 1972 వన్యప్రాణి చట్టంతో షికారుకు తెర పడింది. ఇప్పుడు పంటను పాడుచేసే పంది మీదికైనా అటవీ శాఖ అనుమతి లేకుండా తుపాకీ ఎత్తడానికి లేదు.

పాతదే కదా, లైసెన్స్ దేనికి అనుకుంటే మోసపోతారు. 1959 ఆయుధ చట్టం వదిలేసేది మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాన్నే. వందేళ్లదైనా పేలితే లైసెన్స్ కావాల్సిందే. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం 2 నుంచి 5 ఏళ్ల జైలు. అదే సవరణ ఒక మనిషికి రెండు తుపాకులే అన్నది, వారసత్వంగా వచ్చినవీ అందులోకే వస్తాయి. త్రీనాట్‌త్రీ అయితే నిషేధిత బోరు, జిల్లా అధికారి చేతిలో లేదు, కేంద్రం దాకా పోవాలి.

లైసెన్స్‌దారు చనిపోతే ఆలస్యం చేయకుండా రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుడు తన పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన బతికుండగానే, 70 ఏళ్లు నిండినా లేక తుపాకీ తీసుకుని 25 ఏళ్లయినా, తాను ఎంచుకున్న వారసుడికి మార్పించే వీలు 2016 రూల్స్‌లో ఉంది. దస్కత్ చేయడానికి మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఆ పని సులువు.