చీలిన ధమని: రక్తపరీక్ష చెప్పేది, చెప్పలేనిది

బోయిగూడ వాళ్లకు పెద్దాసుపత్రి అంటే పక్కనే ఉన్న గాంధీ. ఛాతీలో నొప్పి అని ఓ బాలింత అంటే, ఆసుపత్రి గడప తొక్కక ముందే ‘గ్యాస్ అయి ఉంటుందిలే’ అనే మాట ఇంట్లో వినపడుతుంది. చిన్న వయసు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు, ఇక గుండెపోటేమిటన్నది ఆ ధీమా. ఆ ధీమా తప్పని తేలడానికి వైద్యశాస్త్రానికే చాలా దశాబ్దాలు పట్టింది.

1931లో ప్రెటీ అనే వైద్యుడు, హఠాత్తుగా మరణించిన 42 ఏళ్ల స్త్రీ ఉదంతాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. శవపరీక్షలో ఆమె కరోనరీ ధమని గోడ చీలి కనిపించింది. ఈ జబ్బులో గోడ పొరల మధ్యకు రక్తం చేరి ఉబ్బుతుంది, లోపలి దారి నొక్కుకుపోతుంది. కొవ్వు పేరుకోనక్కర్లేదు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని అరుదైన వింతగానే చూశారు.

ఈలోగా రక్తపరీక్షలు తమ దారిన ఎదిగాయి. ఇప్పుడు లివర్ పరీక్షగా మనకు తెలిసిన ఎస్‌జీఓటీ, 1954లో గుండెపోటును పట్టే సాధనంగా వెలుగులోకి వచ్చింది. తర్వాత సీకే-ఎంబీ, 1980ల చివర ట్రోపోనిన్ వచ్చాయి. 2000లో గుండెపోటు నిర్వచనమే ట్రోపోనిన్ చుట్టూ మారింది. సున్నితమైన పరీక్షలు వచ్చాక మరో సంగతి బయటపడింది. బాగా వాడుకలో ఉన్న ఒక పరీక్షలో మగవారి హద్దు లీటరుకు 34 నానోగ్రాములైతే, ఆడవారిది 16. ఇద్దరికీ ఒకే కొలత పెడితే కొందరు స్త్రీల గుండెపోటు లెక్కలోకే రాదు.

అయితే కండరం దెబ్బతిన్నదని ట్రోపోనిన్ చెబుతుందే గాని, ఎందుకు దెబ్బతిన్నదో చెప్పదు. ధమని చీలికను నిర్ధారించే రక్తపరీక్ష ఇంతవరకు లేదు. అందుకు యాంజియోగ్రామ్ కావాలి. 2010 ప్రాంతంలో అమెరికాలో ఈ జబ్బు బారిన పడ్డ మహిళలే మేయో క్లినిక్ వైద్యులను పరిశోధనకు ఒప్పించారు. 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వెలువరించిన ప్రకటన ఈ జ్ఞానాన్ని ఒకచోట చేర్చింది: రోగుల్లో అత్యధికులు స్త్రీలే, గర్భిణులకూ బాలింతలకూ వచ్చే గుండెపోట్లలో ఇదే ముఖ్య కారణం. 2019లో పీహెచ్ఏసీటీఆర్1 జన్యువులోని ఒక మార్పుకు దీనితో సంబంధం తేలింది. ఆశ్చర్యమేమిటంటే, చీలిక ముప్పు పెంచే ఆ మార్పే కొవ్వు వల్ల వచ్చే గుండెజబ్బు ముప్పును తగ్గిస్తుంది. కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కారణం తెలియడం వైద్యానికీ ముఖ్యమే. గడ్డను కరిగించే మందు, తొందరపడి వేసే స్టెంట్ చీలికను పెంచవచ్చు. రక్తప్రసరణ నిలకడగా ఉంటే చాలామందికి ధమని తనంతట తానే మానుతుంది. అందుకే యువతికి ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఈసీజీ, ట్రోపోనిన్ చేయించాలి. మొదటిది మామూలుగా వచ్చినా డాక్టర్లు చెప్పిన గంటలకు ట్రోపోనిన్ మళ్లీ చూడాలి. కాన్పు అయి ఎన్నాళ్లయిందో అడగకముందే చెప్పాలి. ఆమె వయసు చూసి నొప్పిని కొట్టిపారేసే హక్కు ఇంట్లోవాళ్లకూ లేదు, వైద్యులకూ లేదు.